రెండు వందల పద్నాలుగు

తరమణిలో మా ల్యాబుకి ఏసీ ఉంది,
మందవెల్లిలో మా అపార్ట్‌మెంటుకి నీళ్లు లేవు.
ఈ రెండు వాక్యాల మధ్య రోజూ
లోకల్ రైల్లో ఆరు స్టేషన్లు.

ల్యాబులో నీళ్లకేం కరువు!
ఒక్క మీట నొక్కితే పెట్టె నిండిపోతుంది,
ముప్పై ఎనిమిది వేల నీటి అణువులు,
తడి లేదు, బిల్లు లేదు.
వాటి నడుమ మా ప్రోటీను
నానేసిన చింతపండు ముద్దలా
కాస్త విచ్చుకుంటుంది, కాస్త ముడుచుకుంటుంది.

దాని పొట్టలో ఒక గుంట.
ఆ గుంటలో మా మందు కూర్చోవాలి.
ఏడు నెలలైంది, కూర్చోదు.
కంప్యూటరేమో కూర్చుందంటుంది,
మార్కులేస్తుంది: మైనస్ తొమ్మిది, మైనస్ పది.
మైనస్ పెరిగేకొద్దీ మురిసిపోయే చదువు
బహుశా ఇదొక్కటే.
కింది అంతస్తులో, నిజం గాజుగొట్టంలో,
జెసింతా పెదవి విరుస్తుంది:
"అంటుకోలేదు. మళ్లీ."

ఉదయం అయిదున్నరకి లారీ వస్తుంది.
డ్రైవరుది తిరువణ్ణామలై తమిళం,
మా మెట్ల మీద మూడు భాషల కోపం.
మధ్యలో వజ్రమ్మ, వాచ్‌మన్ భార్య, కనిగిరి మనిషి.
ఒక చెయ్యి గొట్టం మీద, ఒక చెయ్యి బిందెల వరస మీద.
ఇక్కడి తిట్టుని అక్కడికి మనవిగా మార్చి,
అక్కడి విసుగుని ఇక్కడికి నవ్వుగా దింపి
ఇరవై నిమిషాల్లో వీధిని నింపేస్తుంది.
అసోసియేషన్ రిజిస్టరులో
ఆమెకు గడి లేదు.

మేనకోడలి పురుడని వజ్రమ్మ ఊరెళ్లిన సోమవారం
లారీ వచ్చింది, నీళ్లూ వచ్చాయి.
ఎవరు ముందన్న మాట దగ్గర
ఎవరి మాట ఎవరికీ చేరలేదు.
డ్రైవరు గొట్టం చుట్టుకుని
పక్క వీధికి పోయాడు.
ఖాళీ బకెట్‌తో నేను,
అన్నీ ఉన్నా ఏదీ అంటుకోని ఒక తెల్లవారు.

ఆ రోజు స్నానం లేకుండానే ల్యాబుకెళ్లి
పాత ఫైలు తెరిచాను.
మొదటి పని మాకు చేతికి అలవాటే:
'నీళ్లు తీసెయ్' అన్న గడిలో టిక్కు.
చీపురుతో ఊడ్చినట్టు పోతాయి అన్నీ.
నేర్పినాయన అలాగే నేర్పాడు,
ఆయనకి నేర్పినాయన కూడా అంతేనేమో.

టిక్కు తీశాను.

గుంట నిండా ఎర్ర చుక్కలు, దానిమ్మ గింజల్లా.
కొన్నింటికి పట్టుకునే చెయ్యి లేదు,
గుంజాటన పడుతున్నాయి, తోస్తే చాలు
బతికిపోయామని బయటికి ఉరుకుతాయి.
ఒకటి మాత్రం కదల్లేదు.
రెండు వందల పద్నాలుగో నీరు.
రాత్రంతా ఆడించినా, ప్రోటీను ఒళ్లు విరుచుకున్నా,
అక్కడే నిలబడి
రెండు చేతులా ఇస్తోంది, రెండు చేతులా పుచ్చుకుంటోంది.

మేం ఏడు నెలలుగా
దాని కుర్చీలోకే మందుని నెడుతున్నాం,
ఇంకో ఉంగరం తగిలించి, ఇంకో తోక అతికించి,
లావు చేసి, గట్టిగా.

ఒక మూల కోసేశాను.
మార్కులు తగ్గాయి.
ప్రొఫెసర్ కనుబొమలు ఎత్తాడు.
ఆయనకి ఏం చెప్పను,
మా వజ్రమ్మ ఊళ్లో లేదని చెప్పనా?

మూడు వారాలకి జెసింతా మెట్లెక్కి వచ్చింది,
ఫోను చేస్తే సరిపోయేదానికి.
"పట్టుకుంది. కొంచెమే.
కానీ వదలడం లేదు."
దీనికే మందు అయిపోదు. ఎలుకలున్నాయి, ఏళ్లున్నాయి,
ఎక్కడో ఎవరి దగ్గో ఇంకా ఆగలేదు.
అయినా ఆ సాయంత్రం ఇద్దరం
క్యాంటీన్లో బజ్జీలు రెండో ప్లేటు చెప్పాం.

వజ్రమ్మ అప్పటికే తిరిగొచ్చింది, పిల్లాడట.
లారీ దగ్గర నా బకెట్ అంచుదాకా పట్టబోతే
గొట్టం పక్కకు లాగేసింది.
"అంతా నిండనీయకమ్మా,
నాలుగు వేళ్ల వెలితి ఉంచు.
మెట్లెక్కేటప్పుడు
నీళ్లు కూడా కదలాలి కదా."